మెదడు సిరలో గడ్డ... నిద్ర తరంగాల్లో జాడ

కాన్పయిన పది రోజులకు తలనొప్పి మొదలవుతుంది. ఆపైన విడవని మగత. ‘పచ్చి బాలింత కదా, అలసట. పడుకోనివ్వండి’ అంటారు ఇంట్లో పెద్దలు. చాలాసార్లు అది అలసటే. కానీ కొందరిలో అది నిద్ర కాదు. మెదడులోంచి రక్తం బయటికి వెళ్లే దారి మూసుకుపోతోందనటానికి గుర్తు. వేళకు గుర్తిస్తే ఎక్కువమంది పూర్తిగా కోలుకునే జబ్బు ఇది. గుర్తించకపోతే ప్రాణం మీదికి తెస్తుంది. ఈ తేడాను మీరు ఇంట్లోనే ఎలా పసిగట్టొచ్చు? నిద్రలో మెదడు తరంగాలు ఏం చెబుతాయి? తెలుసుకుందాం.

నల్లా ఆగటం వేరు, నాలా పూడటం వేరు

సంతోష్‌నగర్, సైదాబాద్, హఫీజ్‌బాబానగర్ ప్రాంతాల్లో ఉండేవారికి నాలా పూడితే ఏమవుతుందో ఒకరు చెప్పక్కర్లేదు. 2020 అక్టోబరు వానలప్పుడు పాతబస్తీ కాలనీల్లోకి నీళ్లు వస్తూనే ఉన్నాయి, పోవటానికి దారి లేదు. దాంతో వీధులు నిండాయి, ఆపైన ఇళ్లు నిండాయి. మెదడు సిరల్లో రక్తం గడ్డ కడితే జరిగేదీ దాదాపు ఇదే.

పక్షవాతం అనగానే మనకు తెలిసింది ధమనిలో గడ్డ. ధమని మెదడుకు మంచి రక్తాన్ని తెచ్చే గొట్టం. అది మూసుకుపోవటమంటే నల్లా బంద్ కావటం. క్షణాల్లో మూతి వంకర పోతుంది, చెయ్యి పడిపోతుంది. ఇంట్లోవాళ్లు వెంటనే ఆసుపత్రికి పరుగెత్తుతారు. సిర అలా కాదు. అది వాడిన రక్తాన్ని మెదడులోంచి గుండెకు తిరిగి పంపే దారి. అది పూడితే వెనక రక్తం నిలిచిపోతుంది. ఒత్తిడి పెరుగుతుంది. మెదడు కణజాలంలోకి నీరు ఊరి వాపు వస్తుంది. ఒత్తిడి మరీ పెరిగితే సన్నటి రక్తనాళాలు చిట్లి రక్తస్రావమూ అవుతుంది. వైద్యులు దీన్ని సెరిబ్రల్ వీనస్ థ్రాంబోసిస్, క్లుప్తంగా సీవీటీ అంటారు.

నాలా నెమ్మదిగా పూడినట్టే ఈ జబ్బు కూడా చాలామందిలో రోజులు, ఒక్కోసారి వారాల మీద ముదురుతుంది. అందుకే ఇంట్లోవాళ్లు మోసపోతారు. మొదటి రోజు తలనొప్పి, మూడో రోజు వాంతి, అయిదో రోజు మగత. ఒక్కోదానికి ఒక్కో కారణం చెప్పుకొంటూ పోతాం. ‘ఎండకు తిరిగింది’, ‘పైత్యం చేసింది’, ‘బిడ్డ రాత్రంతా నిద్రపోనివ్వలేదు’. మూడింటినీ కలిపి చూడం.

నిద్రలో మెదడు వడికే నూలు

మెదడు కణాలు విద్యుత్ సంకేతాలతో మాట్లాడుకుంటాయి. తల మీద చిన్న బిళ్లలు అతికించి ఆ సంకేతాలను గీతలుగా నమోదు చేసేదే ఈఈజీ. జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తల మీంచి తొలిసారి ఈ గీతలను పట్టుకున్నారు. అప్పటినుంచి మెలకువకూ నిద్రకూ మధ్య తేడాను కళ్లతో చూడటం సాధ్యమైంది.

మెలకువగా ఉన్నప్పుడు గీతలు చిన్నవిగా, వేగంగా ఉంటాయి. కళ్లు మూసుకుని స్థిమితంగా ఉంటే సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా తరంగాలు వస్తాయి. కునుకు పట్టగానే అవి చెదిరిపోతాయి. ఆ తర్వాత ఒక ముచ్చటైన ఆకారం కనిపిస్తుంది. సెకనుకు 11 నుంచి 16 సార్లు ఊగుతూ, మొదట సన్నగా, నడుమ లావుగా, చివర మళ్లీ సన్నగా ఉండే తరంగాల గుచ్ఛం అది. అరసెకను నుంచి రెండు సెకన్లలో ముగిసిపోతుంది. రాట్నం కదురు మీద నూలు చుట్టుకున్నట్టుంటుంది కాబట్టి దీనికి స్లీప్ స్పిండిల్, అంటే నిద్ర కదురు అని పేరు. 1935 నుంచీ శాస్త్రవేత్తలకు ఇది తెలుసు. నిద్ర ఇంకా గాఢమైతే సెకనుకు నాలుగు కన్నా తక్కువసార్లు ఊగే పెద్దపెద్ద డెల్టా తరంగాలు వస్తాయి. పగలు నేర్చుకున్నది మెదడులో స్థిరపడటానికి ఈ కదుర్లూ, డెల్టా తరంగాలూ రెండూ తోడ్పడతాయి.

ఈ కదురును తిప్పే చెయ్యి మెదడు నడిబొడ్డున ఉంటుంది. దాని పేరు థలమస్. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. కళ్లు, చెవులు, చర్మం నుంచి వచ్చే కబుర్లను మెదడు పైపొరకు చేరవేసే కూడలి ఇదే. రాత్రి ఆ కబుర్లకు అడ్డుకట్ట వేసి మనల్ని నిద్రలో ఉంచేదీ, పొద్దున గేటు తీసి మెలకువ తెచ్చేదీ ఇదే.

గడ్డ ఎక్కడో, మార్పు అక్కడ

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మెదడులో రక్తం బయటికి పోయే దారులు రెండు రకాలు. పైపొర నుంచి రక్తాన్ని తీసుకెళ్లేవి పై సిరలు. థలమస్ లాంటి లోపలి భాగాల నుంచి తీసుకెళ్లేవి లోతు సిరలు. లోతు సిరలు రెండు వైపుల నుంచీ వచ్చి గ్యాలెన్ సిర అనే ఒకే గొట్టంలో కలుస్తాయి. కాబట్టి అక్కడ గడ్డ పడితే కుడి, ఎడమ థలమస్‌లు రెండూ ఒకేసారి వాచిపోవచ్చు.

అలా వాస్తే చెయ్యి, కాలు పడిపోకపోవచ్చు. మూతి వంకర పోకపోవచ్చు. మనిషి మగతలోకి జారిపోవటమే పెద్ద లక్షణం కావచ్చు. మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్లు మూతలు పడతాయి. తేదీ, చోటు చెప్పలేరు. ‘పక్షవాతం లక్షణాలేమీ లేవు కదా’ అని ఊరుకుంటే జరిగే నష్టం ఇక్కడే.

ఇలాంటివారికి ఈఈజీ తీస్తే గీతలు మామూలు నిద్రను పోలి ఉండకపోవచ్చు. అసలు నిద్రలో కదుర్లు రెండు వైపులా సమంగా వస్తాయి. దశలు మారుతుంటాయి. పేరు పెట్టి పిలిస్తే గీత వెంటనే మెలకువ వైపు మళ్లుతుంది. థలమస్ దెబ్బతిన్నప్పుడు మాత్రం మందకొడి తరంగాలు ఎడతెగకుండా సాగొచ్చు. కదుర్లు తగ్గిపోవచ్చు, లేదా అసలు రాకపోవచ్చు. ఒకవైపు థలమస్సే దెబ్బతింటే ఆ వైపు కదుర్లు చిక్కిపోయి, రెండోవైపు మామూలుగా ఉండొచ్చు.

పై సిరల్లో గడ్డ పడినప్పుడు కథ వేరు. అక్కడ పైపొర వాచి, చిట్లి, ఒరుసుకుపోతుంది. దాంతో ఫిట్స్ వస్తాయి. 2004లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో 21 దేశాలకు చెందిన 624 మంది సీవీటీ రోగులను పరిశీలించారు. వారిలో దాదాపు 39 శాతానికి ఫిట్స్ వచ్చాయి. దాదాపు 89 శాతానికి తలనొప్పి ఉంది. లోతు సిరల్లో గడ్డ ఉన్నవారు సుమారు 11 శాతం. ఫిట్స్‌కు కారణమయ్యే సూదిమొన లాంటి తరంగాలు మెలకువలో కన్నా నిద్రలోనే తేలిగ్గా బయటపడతాయి. అందుకే వైద్యులు నిద్రలో ఈఈజీ తీయించమంటారు.

అలసట మగతా? ప్రమాదపు మగతా?

బాలింతకు నిద్ర చాలదు. అది సహజం. తేడా ఎలా తెలుస్తుంది?

• అలసిన తల్లి బిడ్డ ఏడిస్తే లేస్తుంది. లేచాక స్పష్టంగా మాట్లాడుతుంది. పాలిచ్చి మళ్లీ పడుకుంటుంది.

• ప్రమాదపు మగతలో ఉన్న మనిషిని గట్టిగా తట్టినా సరిగా లేవరు. లేచినా మాట ముద్దగా, పొంతన లేకుండా ఉంటుంది. బిడ్డ ఏడుపు పట్టదు. మళ్లీ వెంటనే మగతలోకి జారిపోతారు.

• అలసట మగతకు ముందు తలనొప్పి, వాంతులు ఉండవు. ఇందులో చాలామందికి ముందు తలనొప్పి వచ్చి, రోజురోజుకూ పెరుగుతుంది.

• పడుకున్నా, దగ్గినా, ముక్కినా ఎక్కువయ్యే తలనొప్పి, తెల్లవారుజామున నిద్ర లేపే తలనొప్పి తలలో ఒత్తిడి పెరుగుతోందనటానికి సూచన. చూపు మసకబారటం, ఒకటి రెండుగా కనిపించటం కూడా అంతే.

సిజేరియన్‌కు వెన్నులో మత్తు ఇచ్చినవారికి వచ్చే తలనొప్పి వేరే రకం. అది లేచి కూర్చుంటే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. మీకూ అలాగే ఉండి, తర్వాత పడుకున్నా తగ్గకుండా మారిందంటే ఆ మార్పును డాక్టరుకు తప్పక చెప్పండి. ‘వెన్నులో సూది వల్లే’ అని మీకు మీరే తీర్పు ఇచ్చుకోవద్దు.

మన నగరం చెప్పిన లెక్క

ఈ జబ్బును అర్థం చేసుకోవటంలో హైదరాబాద్‌కు పెద్ద పాత్రే ఉంది. పంజాగుట్టలోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ నాడీ వైద్యులు సిరల గడ్డల రోగుల కోసం ప్రత్యేకంగా ఒక రిజిస్ట్రీ నడిపారు. 2012లో వారు 428 మంది వివరాలను ప్రచురించారు. రోగుల సగటు వయసు 31 ఏళ్లు. అంటే ఇది ముసలితనపు జబ్బు కాదు.

ఇంకో సంగతి కూడా తేలింది. ఇది బాలింతల జబ్బు అనే పేరుంది. మద్రాసు నాడీ వైద్యుడు కె.శ్రీనివాసన్ 1983లో గర్భిణులు, బాలింతల మెదడు రక్తనాళాల్లో గడ్డల మీద 135 మంది వివరాలతో ప్రచురించిన అధ్యయనం ప్రసిద్ధం. కానీ నిమ్స్ లెక్కలో సగానికి పైగా మగవాళ్లే. కారణాల్లో రక్తహీనత, హోమోసిస్టీన్ పెరగటం ఒక్కోటి సుమారు 18 శాతం మందిలో కనిపించాయి. మద్యం అలవాటు దాదాపు 16 శాతం మందిలో, గర్భనిరోధక మాత్రలు 11 శాతం మందిలో, కాన్పు తర్వాతి స్థితి సుమారు 10 శాతం మందిలో ఉన్నాయి. హోమోసిస్టీన్ పెరగటానికి బి12, ఫోలేట్ విటమిన్ల లోపం ఒక ముఖ్య కారణం. అంటే ఈ జాబితాలో చాలావరకు మనం ముందే సరిచేసుకోగలిగినవే.

వీటికి తోడు ఇంకొన్ని ఉన్నాయి. ఒంట్లో నీరు బాగా తగ్గిపోవటం. చెవిలో చీము ముదిరి ఎముక లోపలికి పాకటం. రక్తం తేలిగ్గా గడ్డ కట్టే వంశపారంపర్య లోపాలు. కొన్ని క్యాన్సర్లు. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో కాలి సిరల్లోనో, ఊపిరితిత్తుల్లోనో గడ్డ పడి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

ఏ పరీక్ష ఏం చెబుతుంది?

ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి. ఈఈజీ గడ్డను చూపించదు. మెదడు ఎలా పనిచేస్తోందో మాత్రమే చెబుతుంది. సీవీటీ ఉన్నా కొందరిలో ఈఈజీ మామూలుగానే ఉండొచ్చు. గడ్డను చూపేది ఎమ్మార్ వీనోగ్రామ్ లేదా సీటీ వీనోగ్రామ్. మామూలు సీటీ స్కాన్‌లో ఇది దొరకకపోవచ్చు. ‘స్కానింగ్ నార్మల్ వచ్చింది’ అని ఇంటికి వచ్చాక కూడా తలనొప్పి, మగత పెరుగుతుంటే మళ్లీ వెళ్లండి. ‘సిరలు కనిపించేలా స్కాన్ అవసరమా?’ అని అడగండి. అలా అడగటం తప్పు కాదు.

మరి ఈఈజీ ఎందుకు? ఫిట్స్ పైకి కనిపించకుండా లోపల సాగుతున్నాయేమో తెలుసుకోవటానికి. మగతకు కారణం నిద్రేనా, మెదడు మందగించటమా అని చూడటానికి. తర్వాత రోజుల్లో ఫిట్స్ మందు కొనసాగించాలా వద్దా అని నిర్ణయించటానికి.

నిద్రలో తీసే ఈఈజీకి వెళ్లేటప్పుడు ఈ సిద్ధం అవసరం:

• ముందురోజు తలస్నానం చేసి, నూనె రాయకుండా వెళ్లాలి. నూనె ఉంటే బిళ్లలు అంటుకోవు, గీతలు సరిగా రావు.

• ఎంతసేపు మేలుకోవాలో డాక్టరు చెబుతారు. అంతసేపు మేలుకోవాలి. మెలకువ కోసం టీ, కాఫీలు తాగొద్దు.

• ఫిట్స్ మందులను సొంతంగా ఆపొద్దు. డాక్టరు చెబితేనే మార్చాలి.

• నొప్పి ఉండదు. కరెంటు పెడతారనే భయం అక్కర్లేదు. యంత్రం మెదడు సంకేతాలను అందుకుంటుందే గానీ, లోపలికి ఏమీ పంపదు.

రక్తస్రావం ఉంటే రక్తం పల్చబరిచే మందా?

ఆసుపత్రిలో కుటుంబసభ్యులను ఎక్కువ కలవరపెట్టే ప్రశ్న ఇదే. స్కాన్‌లో రక్తస్రావం కనిపిస్తోంది. డాక్టరేమో హెపారిన్ ఇస్తామంటారు. సంతకం పెట్టాలంటే చెయ్యి వణుకుతుంది. కానీ ఇక్కడ రక్తం చిట్లటానికి కారణం పూడిన నాలాయే. దారి తెరిస్తేనే ఒత్తిడి తగ్గుతుంది.

1991లో జర్మనీ వైద్యులు 20 మంది సీవీటీ రోగుల మీద చేసిన పరీక్ష ఈ చికిత్సకు దారి చూపింది. హెపారిన్ తీసుకున్న పదిమందిలో ఒక్కరూ చనిపోలేదు. ఎనిమిది మంది పూర్తిగా కోలుకున్నారు. మందు లేని ద్రావణం తీసుకున్న పదిమందిలో ముగ్గురు మరణించారు. తేడా స్పష్టంగా కనిపించటంతో పరీక్షను ముందే ఆపేశారు. ఇప్పుడు ప్రపంచమంతటా ఇదే పద్ధతి. తర్వాత వార్ఫరిన్ లాంటి మాత్రలను కారణాన్ని బట్టి మూడు నుంచి పన్నెండు నెలలు, కొందరిలో ఇంకా ఎక్కువకాలం వాడాల్సి రావొచ్చు. వార్ఫరిన్ వాడేవారు ఐఎన్ఆర్ రక్తపరీక్షను క్రమం తప్పకుండా చేయించుకోవాలి. వాపు మరీ ఎక్కువైతే పుర్రె ఎముకను కొంత తొలగించి మెదడుకు చోటిచ్చే శస్త్రచికిత్స ప్రాణం నిలుపుతుంది.

624 మంది అధ్యయనంలో దాదాపు 79 శాతం మంది బాగా కోలుకున్నారు. 8 శాతం మంది మరణించారు. చాలామంది యువకులే అన్నది గుర్తు పెట్టుకుంటే ఈ రెండు అంకెల విలువ తెలుస్తుంది.

పసిపిల్లల్లో... ఏళ్ల తర్వాత కనిపించే జాడ

నవజాత శిశువులకూ సిరల్లో గడ్డలు రావొచ్చు. పుట్టిన మొదటి రోజుల్లోనే ఫిట్స్, పాలు తాగకపోవటం, అతిగా మగతగా ఉండటం లక్షణాలు. లోతు సిరలో గడ్డ పడిన కొందరు శిశువుల్లో థలమస్‌లో రక్తస్రావమవుతుంది. బిడ్డ కోలుకుని ఇంటికి వస్తుంది. నడక వస్తుంది, మాట వస్తుంది. గండం గడిచిందనుకుంటాం.

అయితే థలమస్‌లో రక్తస్రావమైన పిల్లల్లో కొందరికి బడికి వెళ్లే వయసులో ఒక ఇబ్బంది వస్తుంది. పగలు ఈఈజీ అంతంత మాత్రంగానే తేడాగా ఉంటుంది. గాఢనిద్రలోకి వెళ్లగానే సూదిమొన తరంగాలు ఆగకుండా మెదడంతా కమ్మేస్తాయి. ఫ్రాన్స్‌లోని మార్సెయి వైద్యులు 1971లో ఆరుగురు పిల్లల్లో దీన్ని తొలిసారి వివరించారు. అప్పట్లో గాఢనిద్రలో కనీసం 85 శాతం సమయాన్ని ఈ తరంగాలే ఆక్రమించాలని లెక్క పెట్టారు. బిడ్డ నిద్రపోతున్నట్టే ఉంటుంది, కానీ ఆ నిద్ర చేయాల్సిన పని చేయదు. నేర్చుకున్న మాటలు, అక్షరాలు వెనక్కి పోతాయి. చురుకైన పిల్లవాడు మొండిగా, చిరాకుగా మారతాడు. టీచరు ‘ధ్యాస లేదు’ అంటారు, ఇంట్లో ‘బద్ధకం’ అంటారు.

మీ బిడ్డకు పుట్టినప్పుడు మెదడు సిరలో గడ్డ గానీ, థలమస్‌లో రక్తస్రావం గానీ అయి ఉంటే ఆ డిశ్చార్జి కాగితం పారేయొద్దు. చదువు, మాట వెనకబడితే తిట్టే ముందు ఆ కాగితంతో పిల్లల నాడీ వైద్యుడిని కలవండి. నిద్రలో ఈఈజీ గురించి అడగండి. దీనికి మందులున్నాయి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు.

మీ చేతిలో ఉన్నవి

• బాలింతకు పథ్యం పేరుతో నీళ్లు తగ్గించొద్దు. పొట్ట పెరుగుతుందన్నది అపోహ. పాలిచ్చే తల్లికి నీళ్లు ఇంకా ఎక్కువ కావాలి. దాహమైనప్పుడల్లా తాగనివ్వండి.

• కాన్పయ్యాక మంచానికే పరిమితం చేయొద్దు. డాక్టరు చెప్పినట్టు లేచి నడవనివ్వండి.

• పూజ, పెళ్లి, రంజాన్, ఉమ్రా ప్రయాణం... కారణమేదైనా నెలసరి వాయిదా మాత్రలను మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు. పీసీఓడీకి వాడే హార్మోన్ మాత్రలకూ ఇదే జాగ్రత్త. వాడుతుండగా కొత్తగా తలనొప్పి వస్తే డాక్టరుకు చెప్పండి.

• రక్తహీనతను, బి12 లోపాన్ని సరిచేసుకోండి. శాకాహారులు బి12 పరీక్ష గురించి డాక్టరును అడగండి.

• ఎండాకాలంలో వాంతులు, విరేచనాలు అయితే ఓఆర్ఎస్ ఇవ్వండి. మద్యం ఒంట్లో నీటిని తగ్గిస్తుందని మరవొద్దు.

• చెవిలో చీము కారుతుంటే నూనె చుక్కలతో సరిపెట్టొద్దు.

• తలనొప్పితో మగతగా ఉన్న మనిషికి నిద్రమాత్ర ఎప్పుడూ ఇవ్వొద్దు.

కోలుకున్నాక కూడా కొంతకాలం అలసట, మతిమరుపు, నిద్ర చెదరటం ఉండొచ్చు. ఒకే వేళకు పడుకోవటం, లేవటం అలవాటు చేసుకోండి. నిద్ర చాలకపోతే ఫిట్స్ తిరగబెట్టే ప్రమాదముంది. బాలింత అయితే రాత్రి ఒక విడత బిడ్డ బాధ్యతను భర్త, అత్త, అమ్మ ఎవరో ఒకరు తీసుకోవాలి. అదీ చికిత్సలో భాగమే.

సంతోష్‌నగర్ నుంచి ఏ పెద్దాసుపత్రీ గంటల ప్రయాణం కాదు. మూసీ దాటితే ఉస్మానియా ఉంది, పిల్లలకు నిలోఫర్ ఉంది. చాలా ఇళ్లలో ఆలస్యం చేసేది దారి కాదు, ‘పొద్దున చూద్దాంలే’ అనే మాట. రోజురోజుకూ పెరిగే తలనొప్పి, వాంతులు, లేపితే సరిగా లేవని మగత. ఈ మూడూ ఒకచోట కనిపిస్తే పొద్దున దాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో డాక్టరుకు మొదట చెప్పాల్సిన సంగతి కాన్పయి ఎన్నాళ్లయింది, లేదా ఏ మాత్రలు వాడుతున్నారు అన్నదే. ఆ ఒక్క మాట సరైన స్కాన్‌కు దారి చూపుతుంది.